ఆకుపచ్చ గడి, ఎర్ర గడి

గత నెల మన క్లబ్ డిబేట్ గుర్తుంది కదా? "మహమ్మారి సమయంలో టీకా వేసుకున్న వాళ్ళకి ప్రత్యేక స్వేచ్ఛలు ఇవ్వాలా?" అన్నది టాపిక్. చిట్టీ తీస్తే నాకు "ఇవ్వాలి" అని వచ్చింది. ఐదు నిమిషాలు గడగడా మాట్లాడేశాను. రెండో బహుమతి కూడా వచ్చింది. స్టేజి దిగాక ఎడిటర్ అక్క వచ్చి, "బాగా మాట్లాడావు, దాన్నే మ్యాగజైన్‌కి రాసివ్వు" అంది. సరే అని ఇంటికెళ్ళి కూర్చుంటే చెయ్యి కదల్లేదు. ఎందుకంటే స్టేజి మీద నేను చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. ఇది అది.

ముందే చెప్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగ్గా రాయడం ఇదే మొదటిసారి. ఒత్తులు తప్పితే సర్దుకోండి.

డిబేట్‌లో నేను చెప్పింది ఇంత. టీకా వేసుకున్న మనిషి వల్ల పక్కవాళ్ళకి రిస్క్ తగ్గుతుంది. రిస్క్ తగ్గినప్పుడు ఆ మనిషిని ఇంట్లో కట్టేసే హక్కు ప్రభుత్వానికి ఎక్కడిది? ఇది బహుమతి కాదు, లాక్‌డౌన్ పేరుతో తీసుకున్నది తిరిగి ఇవ్వడమే. ఇజ్రాయెల్ 2021 ఫిబ్రవరిలోనే గ్రీన్ పాస్ పెట్టి టీకా వేసుకున్న వాళ్ళకి జిమ్‌లు, థియేటర్లు తెరిచింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ 2021 జూలై 12న టీవీలో మాట్లాడి, ఇక కాఫీ హోటల్‌కి వెళ్ళాలన్నా హెల్త్ పాస్ చూపించాలి అనగానే, ఒక్క రోజులో తొమ్మిది లక్షల మందికి పైగా టీకా అపాయింట్‌మెంట్ బుక్ చేసుకున్నారు. చూశారా, రూల్ పెడితే జనం కదులుతారు! ఇక్కడ చప్పట్లు కూడా పడ్డాయి.

ఇవన్నీ నిజాలే. కానీ ఫ్రాన్స్‌లో ఆ తొమ్మిది లక్షల మంది బుక్ చేసుకోవడానికి అక్కడ అపాయింట్‌మెంట్లు ఉన్నాయి. మన దగ్గర ఆ రోజుల్లో ఎలా ఉండేదో నాకు బాగా తెలుసు. ఎందుకంటే స్లాట్ల కోసం స్క్రిప్ట్ రాసిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

2021 మే 1 నుంచి 18 దాటిన వాళ్ళకి టీకా అన్నారు. నాకు అప్పటికి 18 నిండి మూడు నెలలు. మా ఇల్లు హైదరాబాద్‌లోనే. మా నానమ్మకి ఆస్తమా. ఏప్రిల్‌లో మా బ్లాక్‌లోనే ఇద్దరు పోయారు, అంబులెన్స్ సైరన్ వినపడితే అమ్మ పూజ గదిలోకి వెళ్ళిపోయేది. టీకా ఎలాగైనా వేయించుకోవాలి అన్నది మా ఇంట్లో అప్పట్లో ఒక్కటే మాట. కోవిన్ తెరిస్తే స్లాట్లు ఇలా వచ్చి అలా పోయేవి. కోవిన్ ఏపీఐ అప్పట్లో అందరికీ తెరిచే ఉండేది కదా, పైథాన్‌లో నలభై లైన్లు రాశాను. కాసేపటికోసారి మన జిల్లా స్లాట్లు చూసి, ఖాళీ కనపడితే ల్యాప్‌టాప్ టింగ్‌మంటుంది. అంతే. జూన్ 10న ఒక ప్రైవేట్ హాస్పిటల్లో 780 రూపాయలు కట్టి కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్నాను. అది కేంద్రం ప్రైవేట్ హాస్పిటళ్ళకి పెట్టిన గరిష్ఠ ధర. స్క్రిప్ట్‌ని క్లాస్ గ్రూప్‌లో పెడితే అందరూ "మామా నువ్వు దేవుడివిరా" అన్నారు. నాకు నిజంగానే దేవుడిలా అనిపించింది.

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ స్క్రిప్ట్ ఒక్క డోసు కూడా తయారు చెయ్యలేదు. ఉన్న క్యూలో నన్ను ముందుకి తోసింది, అంతే. సినిమా టికెట్ల క్యూలో మధ్యలో దూరే వాణ్ణి మనం తిడతాం. ఇక్కడ దూరిన నన్ను పొగిడారు, ఎందుకంటే వెనక నిలబడ్డ వాళ్ళు మాకెవరికీ కనపడలేదు.

మా ఇంట్లో పనిచేసే అక్క ఆ వెనక నిలబడ్డ వాళ్ళలో ఒకరు. నాలుగేళ్ళుగా పొద్దున ఏడింటికి వచ్చి అంట్లు తోమి, ఇల్లు తుడిచి వెళ్తుంది. నెలకి 2500. అందులోంచి 780 తియ్యమంటే ఎలా తీస్తుంది? జూన్ 21 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో 18 దాటిన అందరికీ ఉచితం అని కేంద్రం చెప్పాక, ఆవిడ రెండుసార్లు వెళ్ళి, టోకెన్లు అయిపోయాయంటే వెనక్కి వచ్చింది. మూడోసారి, జూన్ 25న, దొరికింది. పేరు రాసేటప్పుడు ఫోన్ నంబర్ అడిగారు. ఇంట్లో ఉన్న ఒక్క కీప్యాడ్ ఫోను వాళ్ళాయన దగ్గర ఉంటుంది, దాని నంబరు ఆవిడకి నోటికి రాదు. ఎప్పుడూ ఫోన్ చేసే 302 మేడం నంబర్ నోటికొచ్చు. అది చెప్పింది.

ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి.

ఆగస్టు చివర్లో, సెప్టెంబర్ 1 నుంచి స్కూళ్ళు తెరుస్తారన్న వార్తలు వస్తున్నప్పుడు, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ పెట్టింది. సెప్టెంబర్ 6, సోమవారం నుంచి కొత్త రూల్. రెండు డోసులూ అయిన వాళ్ళకే జిమ్, క్లబ్‌హౌస్, లిఫ్ట్. పనివాళ్ళు, డ్రైవర్లు, కార్లు కడిగేవాళ్ళు అయితే సర్టిఫికెట్ లేకుండా గేటు లోపలికే రాకూడదు. "మన సీఎస్‌ఈ కుర్రాడున్నాడుగా, వాడు షీట్ చేస్తాడు" అన్నారు సెక్రటరీ అంకుల్. నేను ఎగిరి గంతేశాను. గూగుల్ ఫామ్ చేశాను, షీట్‌కి కలిపాను. సర్టిఫికెట్ అప్‌లోడ్ అయితే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. ఒక ఇఫ్, ఒక ఎల్స్. రెండు గంటల పని. నాకు సెప్టెంబర్ 2న రెండో డోసు అయింది, సరిగ్గా 84 రోజులకి. నా గడి నేనే ఆకుపచ్చ చేసుకున్నాను.

ఆదివారం రాత్రి షీట్ మొత్తం చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనపడింది. పైన ఫ్లాట్ల వాళ్ళ వరసలు దాదాపు అన్నీ ఆకుపచ్చ. కింద పనివాళ్ళ వరసలు 31. అందులో 19 ఎరుపు. మా అక్క పేరు కూడా. వాచ్‌మన్ అంకుల్ పేరు కూడా, ఒక్క డోసే అయింది కాబట్టి. అంటే పొద్దున గేటు దగ్గర ఎర్ర గడి వాళ్ళని ఆపాల్సిన మనిషిది కూడా ఎర్ర గడే! నాకు నవ్వొచ్చింది. షేమ్ అనిపించే నవ్వు కాదు, మామూలు నవ్వే. అప్పటికి ఇంకా నాకు ఏమీ అర్థం కాలేదు.

సోమవారం పొద్దున జిమ్‌కని కిందికి దిగాను. గేటు బయట మా అక్క నిలబడి ఉంది. వాచ్‌మన్ అంకుల్ చేతిలో నా షీట్ ప్రింటౌట్. కలర్ ప్రింట్.

"నీ పేరు ఎర్రగుందక్కా, నేనేం జెయ్యాలె" అంటున్నాడు ఆయన.

నన్ను చూసి ఆవిడ గేటు కమ్మీల్లోంచి చెయ్యి చాపి, జాకెట్టు చేతి మీద వేలు పెట్టి చూపించింది. "సూది ఏస్కున్న గద బాబూ. ఈడనే. జ్వరమొచ్చి రెండ్రోజులు పనికి రాలే. అమ్మనడుగు."

నాకు గుర్తుంది. ఆ రెండు రోజులు అంట్లు నేను, నాన్న తోమాం. అమ్మ విసుక్కుంది కూడా, చెప్పకుండా మానేసిందని. అంటే ఆవిడ టీకా వేసుకుంది అనడానికి మా ఇంట్లో ముగ్గురం సాక్షులం. కానీ నా షీట్‌కి సాక్షులు అక్కర్లేదు, పీడీఎఫ్ కావాలి. పీడీఎఫ్ కావాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వెళ్ళేది 302 ఆంటీ నంబర్‌కి. ఆంటీ కూతురి డెలివరీకి అమెరికా వెళ్ళి నెలయింది, ఇక్కడి సిమ్ అక్కడ పనిచెయ్యట్లేదు.

సరే, సర్టిఫికెట్ దొరికిందే అనుకోండి. అది ఒక్క డోసుది. రూల్ రెండు డోసులది. కోవిషీల్డ్‌కి మొదట 4 నుంచి 6 వారాల గ్యాప్ ఉండేది, తర్వాత 6 నుంచి 8 అన్నారు, 2021 మే 13న 12 నుంచి 16 వారాలు చేశారు. జూన్ 25కి 84 రోజులు కలపండి. సెప్టెంబర్ 17. అంటే ప్రపంచంలో ఏ శక్తీ సెప్టెంబర్ 6 నాటికి ఆవిడ గడిని ఆకుపచ్చ చెయ్యలేదు. ఆవిడ తప్పు ఏమీ లేకుండానే ఆవిడ ఫెయిల్. సిలబస్ చెప్పకముందే పెట్టిన పరీక్ష ఇది.

ఇంకోటి చూడండి. అప్పటికి 18 లోపు పిల్లలకి టీకానే లేదు. 15 నుంచి 18 వాళ్ళకి 2022 జనవరి 3న గానీ మొదలవలేదు. మరి మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని ఎరుపు చెయ్యాలి కదా? చెయ్యలేదు. "పిల్లలు పాపం, వాళ్ళకింకా రాలేదుగా" అని ఫామ్‌లోంచే తీసేశాం. వాళ్ళు రోజంతా లిఫ్ట్‌లో పైకీ కిందికీ ఆడుకునేవాళ్ళు. ఒక్క డోసు కూడా లేని పిల్లలకి లిఫ్ట్ ఉంది, ఒక డోసు వేసుకున్న అక్కకి గేటే లేదు. "ఇంకా రాలేదు" అన్న కారణం పిల్లల విషయంలో మాకు వెంటనే అర్థమైంది. పనివాళ్ళ విషయంలో ఆ ఆలోచనే రాలేదు. కోడ్‌లో బగ్ ఉంటే నాకు నిద్ర పట్టదు. ఈ బగ్ నేను రాసిందే, నాకు రెండు రోజులు కనపడలేదు.

ఆ రోజు నేను జిమ్‌కి వెళ్ళానా? వెళ్ళాను. అదే స్టేజి మీద చెప్పలేకపోయింది. గేటు దగ్గర నిలబడి "చూస్తానక్కా" అని, లోపలికెళ్ళి అరగంట ట్రెడ్‌మిల్ మీద నడిచి వచ్చాను. వచ్చేసరికి ఆవిడ వెళ్ళిపోయింది.

రాత్రి షీట్ తెరిచాను. ఎడిటింగ్ యాక్సెస్ నాకొక్కడికే ఉంది. ఆవిడ గడి ఆకుపచ్చ చేసేశాను. ఒక్క క్లిక్. మర్నాడు ప్రింటౌట్ మారింది, ఆవిడ లోపలికొచ్చింది, ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ కూడా అడగలేదు, అంట్లు తోమే పని తప్పింది కదా.

ఒక రోజంతా మంచి పని చేశానన్న ఫీలింగ్. ఆ తర్వాత అది కూడా పోయింది. మిగతా పద్దెనిమిది మంది? వాళ్ళలో కార్లు కడిగే అబ్బాయి పేరు కూడా నాకు షీట్‌లో చూశాకే తెలిసింది. మా ఇంట్లో పనిచేస్తుంది కాబట్టి అక్కకి ఆకుపచ్చ. మా ఇంట్లో పనిచెయ్యని వాళ్ళకి ఎరుపు. స్క్రిప్ట్‌తో నన్ను నేను ముందుకి తోసుకున్నట్టే, ఈసారి ఆవిడని తోశాను. క్యూ మాత్రం అలాగే ఉంది.

బుధవారం సాయంత్రం సెక్రటరీ అంకుల్ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. గడి మార్చిన సంగతి కూడా. తిడతారనుకున్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మా అన్నయ్య మేలో పోయాడు. బెడ్ కోసం మూడు హాస్పిటళ్ళు తిరిగాం. నాకు ఈ గేటు తప్ప నా చేతిలో ఇంకేమీ లేదనిపించిందిరా. సరే, ఏం చేద్దామంటావు చెప్పు" అన్నారు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆయన చెడ్డవాడని నాకు నేను ఒక కథ అల్లుకుని వెళ్ళాను. ఆయనది భయం. మా అమ్మదీ అదే భయం, నానమ్మ గురించి. భయపడే హక్కు వాళ్ళకి ఉంది. అక్కకి కూడా ఇంట్లో అత్త ఉంది, ఆవిడకీ ఆయాసమే. ఆ భయం మాత్రం మా షీట్‌లో ఏ కాలమ్‌లోనూ లేదు.

చివరికి చేసింది చాలా సింపుల్. ఎవరికి ఎందుకు ఎరుపు అని ఒక కొత్త కాలమ్ పెట్టాం. నేనే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి అడిగాను. 19 మందిలో ఆరుగురికి రెండో డోసు టైమ్ ఇంకా రాలేదు. నలుగురికి టీకా అయింది గానీ సర్టిఫికెట్ వేరేవాళ్ళ ఫోన్లో ఉంది. ఏడుగురికి వెళ్ళడానికి పనిలో సెలవు దొరకలేదు, ఆ సెలవు ఇవ్వాల్సింది మేమే! "మాకొద్దు, భయం" అన్నవాళ్ళు ఇద్దరు. ఇద్దరే. ఈ రూల్ ఎవరిని దారికి తేవడానికి పెట్టామో వాళ్ళు 19 మందిలో ఇద్దరు. మిగతా 17 మంది ఊరికే మధ్యలో నలిగారు.

ఆ నెలలో జీహెచ్ఎంసీ మొబైల్ టీకా వ్యాన్లు కాలనీల్లో తిరుగుతున్నాయి. సెక్రటరీ అంకుల్ ఫోన్లు చేసి, మూడో వారంలో మా వీధి చివరికి వ్యాన్ రప్పించారు. ఆ రోజు పని మానినా జీతం కట్ చెయ్యకూడదని గ్రూప్‌లో పెట్టారు. సెలవు దొరకని ఏడుగురికీ మధ్యాహ్నానికల్లా అయిపోయింది. భయమన్న ఇద్దరిలో ఒకాయన మిగతావాళ్ళని చూసి తనంతట తనే చెయ్యి చాపాడు. గేటు రూల్ ఎత్తేశారు, మాస్క్ మాత్రం అందరికీ తప్పనిసరి చేశారు, ఫ్లాట్ల వాళ్ళకి కూడా. అక్టోబర్‌లో 302 ఆంటీ వచ్చాక, ఓటీపీ పది సెకన్లలో వచ్చింది.

సరిగ్గా ఆ టైమ్‌లోనే ఇంకో తమాషా. మా బాబాయి కొడుకు ఎంఎస్‌కి సెప్టెంబర్ చివర్లో యూకే వెళ్ళాడు. రెండు డోసుల కోవిషీల్డ్ అయింది. ఆక్స్‌ఫర్డ్, ఆస్ట్రాజెనెకా ఫార్ములాతో పుణెలో తయారైన టీకానే అది. అయినా ఇండియాలో వేసుకున్నాడు కాబట్టి వేసుకోనట్టే లెక్క, పది రోజులు గదిలో ఉండాలన్నారు. మన ప్రభుత్వం ఊరుకోలేదు, అక్టోబర్ 4 నుంచి బ్రిటిష్ వాళ్ళకీ ఇక్కడ అదే రూల్ పెట్టింది, 11 నుంచి వాళ్ళు దిగొచ్చారు. ఆ వారం మా అపార్ట్‌మెంట్ గ్రూప్ చూడాలి. "మన సర్టిఫికెట్‌ని నమ్మరా?" "టీకా వేసుకున్న వాణ్ణి బయట నిలబెడతారా?" అని ఒకటే ఆవేశం. నెల ముందు అదే గ్రూప్‌లో నా షీట్‌కి చప్పట్లు కొట్టింది వీళ్ళే. నేనూ కొట్టించుకున్నాను. మన దాకా వస్తే గానీ తెలీదంటారు కదా, మన దాకా వచ్చింది, అయినా కలిపి చూసుకున్నవాళ్ళు తక్కువ.

మరి టీకా వేసుకున్న వాళ్ళకి ప్రత్యేక స్వేచ్ఛ అసలు వద్దా? నేను అలా అనట్లేదు. టీకా పనిచేస్తుంది. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు మన క్లాసే చూడండి. అందరమూ రెండు డోసులవాళ్ళమే, సంక్రాంతి సెలవులకి ముందు వారం సగం బెంచీలు ఖాళీ. 8 నుంచి 16 దాకా అన్న సెలవులు 30 దాకా పొడిగించారు. కానీ మన క్లాసులో ఎవరూ హాస్పిటల్లో చేరలేదు. మా నానమ్మకి కూడా వచ్చింది, వారంలో లేచి కూర్చుని పేకాట ఆడింది. అది టీకా గొప్పతనం. అదే వారంలో ఇంకోటి కూడా తేలింది. టీకా నన్ను బాగానే కాపాడుతోంది, నా నుంచి పక్కవాణ్ణి కాపాడటం మాత్రం ముందంత లేదు. మరి డిబేట్‌లో నా మొదటి పాయింటే అది కదా, పక్కవాళ్ళకి రిస్క్ తక్కువ అని.

2022 మే 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా దాదాపు ఇదే అడిగింది. ఎవరికీ బలవంతంగా టీకా వెయ్యకూడదు అంది. ప్రజల ఆరోగ్యం కోసం ప్రభుత్వం కొన్ని పరిమితులు పెట్టొచ్చు, కానీ అవి అవసరానికి తగ్గట్టే ఉండాలి అంది. టీకా వేసుకోని వాళ్ళ వల్ల వేసుకున్న వాళ్ళకంటే ఎక్కువ వ్యాపిస్తుందని చూపించే డేటా ఏ రాష్ట్రమూ తన ముందు పెట్టలేదని చెప్పి, అలాంటి పరిమితులని మళ్ళీ ఆలోచించమంది. అంతకుముందు, 2021 మే 31 నాటి ఆర్డర్‌లో, 18 నుంచి 44 వాళ్ళకి పూర్తిగా వెబ్‌సైట్ మీదే ఆధారపడితే ఫోన్, ఇంటర్నెట్ లేనివాళ్ళ సంగతేంటని కూడా అడిగింది. అప్పటికి కోవిన్ సైట్ తెలుగులో లేదు. తర్వాతే తెలుగు, మిగతా భాషలు వచ్చాయి. నేను అప్పట్లో అది గమనించను కూడా లేదు. ఇంగ్లిష్ మీడియం కదా.

కాబట్టి ఇప్పుడు నన్ను మళ్ళీ చిట్టీ తియ్యమంటే, జవాబుకి ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను. ఒకటి, టీకా నిజంగా అందరి దాకా వచ్చిందా, వచ్చాక గ్యాప్ పూర్తయ్యే టైమ్ కూడా ఇచ్చామా? రెండు, తలుపు మూసేది ఏ చోటుకి? జిమ్, పబ్, సినిమా అయితే కొన్నాళ్ళు ఆగొచ్చు. పని, రేషన్, హాస్పిటల్, రైలు ఆగలేవు. ముంబైలో 2021 ఆగస్టు 15 నుంచి రెండు డోసులై 14 రోజులు దాటిన వాళ్ళకి లోకల్ రైలు ఎక్కనిచ్చారు. ఇంట్లో కూర్చున్న వాళ్ళని బయటికి వదలడమే అది, మంచిదే. కానీ 84 ప్లస్ 14, అంటే 98 రోజులు. జూన్‌లో మొదటి డోసు దొరికిన రోజుకూలీ ఆ రోజు ప్లాట్‌ఫామ్ బయటే. మూడు, వ్యాప్తిని ఆపడానికే కదా రూల్, టీకా ఇప్పుడు ఆ పని ఎంతవరకు చేస్తోంది? వేరియంట్ మారితే రూల్ కూడా మారాలి.

మూడింటికీ "అవును" అని వస్తే, అప్పుడు కూడా వేసుకోను అన్నవాడికి జిమ్ లేకపోతే నాకు బాధ లేదు. మా 19 మందిలో అలాంటివాడు చివరికి ఒక్కడు మిగిలాడు.

స్వేచ్ఛ అంటే మనం "ఇచ్చేది" అనుకుంటే అది ఎప్పుడూ ముందు వరసలో ఉన్నవాళ్ళకే అందుతుంది. నేను ముందు వరసలో ఉన్నాను, స్క్రిప్ట్ వల్ల, 780 రూపాయల వల్ల, ఇంగ్లిష్ వల్ల, నా పేరు మీద నాకొక సిమ్ ఉండటం వల్ల. నా సర్టిఫికెట్ మీద ఇవేవీ రాసి ఉండవు. పేరు, డోసు, తేదీ లాంటివే ఉంటాయి.

మనలో చాలామంది రేపు ఇలాంటి షీట్లే రాస్తాం. ఇంకా పెద్దవి, లోన్ ఎవరికివ్వాలో, రేషన్ ఎవరికి ఆపాలో తేల్చేవి. ఎల్స్ రాసేటప్పుడు ఆ గడిలో పడే మనిషి గేటు బయట నిలబడి ఉంటాడని ఒక్కసారి గుర్తు చేసుకోండి. నాకైతే గుర్తు చేసుకోవాల్సిన అవసరం లేదు, ఆవిడ రోజూ పొద్దున ఏడింటికి వస్తుంది. మొన్న బూస్టర్ డోసు గురించి అడిగింది. ఈసారి నంబర్ ఏం చెప్తావక్కా అంటే, కొత్త ఫోన్ తీసి చూపించింది. నంబర్ నోటికి చెప్పింది, రెండుసార్లు, తప్పు లేకుండా.